మేడకు కాపలా మనది, బాధ్యత ఎవరిది?

(పాలమూరు జిల్లాలో పట్నం వలసపోయే కుటుంబాల కోసం జరిగిన సమావేశంలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



అన్నలారా, అక్కలారా, తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

ఇవ్వాళ నేను మేడల గురించి మాట్లాడతాను. "మనకు మేడలు యాడున్నయి సార్, ఆ ముచ్చట మనకెందుకు?" అని మీరు అడగొచ్చు. మనకు మేడల్లేని మాట నిజమే. కానీ మేడల్లో మనం ఉన్నాం. హైదరాబాద్‌లో కోకాపేట, నానక్‌రాంగూడ, పుప్పాలగూడ దిక్కు పోయి చూడండి. నలభై, యాభై అంతస్తులు లేచినయి. వాటికి పునాదులు తవ్వినోళ్లలో పాలమూరోళ్లున్నారు, శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినోళ్లున్నారు, ఒడిశా, బీహార్ నుంచి వచ్చినోళ్లున్నారు. కట్టడం అయిపోయినాక గేటు దగ్గర కుర్చీలో కూచున్నది మనోడే. నాలుగు ఫ్లాట్లల్ల బోళ్లు తోముతున్నది మన ఆడబిడ్డే. డ్రైనేజీ పొంగితే మూత తీసి కిందికి దిగమనేది మన తమ్ముణ్ణే. ఈ సమావేశం అయిపోయినాక మీలో కొందరు ఈ వారమే బస్సెక్కుతారు. అందుకే ఈ మాట ఇవ్వాళే చెప్పాలి.

నేనడిగేది ఒక్కటే ప్రశ్న. ఎత్తైన ఇండ్లలో మనుషుల ప్రాణాలకు ఏమీ కాకుండా చూసే బాధ్యత ఎవరిది? కాగితం మీద ఎవరిది? నిజంగా ఎవరి నెత్తిన పడుతున్నది? ఈ రెండింటి మధ్య ఉన్న తేడాలోనే మనోళ్లు చచ్చిపోతున్నారు.

ప్రమాదం పుట్టే చోటే మన పడక

పేరుకు వాచ్‌మన్, అంటే కాపలాదారు. చేసే పని చూడండి. తెల్లారకముందే లేచి మోటరు పెట్టి సంపులోని నీళ్లు పైకెక్కించాలి. కార్లు కడగాలి. చెత్త దించాలి. కరెంటు పోతే జనరేటర్ పెట్టాలి. లిఫ్టు ఆగితే తాళంచెవి పట్టుకొని ఉరకాలి. డ్రైనేజీ నిండితే కర్ర పెట్టి పొడవాలి. అర్ధరాత్రి వచ్చే కారుకు గేటు తీయాలి. ఇంటామె పై ఫ్లాట్లల్ల పనికి పోవాలి. పిల్లలు ఇస్త్రీ బట్టలు ఇచ్చి రావాలి. ఇంటిల్లిపాది చాకిరీకి ఒక్క జీతం, సెల్లార్‌లో ఒక్క అర్ర.

ఆ అర్ర ఎక్కడుంటదో గమనించండి. ఒక గోడకు కరెంటు మీటర్ల బోర్డు. ఇంకో పక్క జనరేటర్, దాని డీజిల్. ఎదురుగా చార్జింగ్ పెట్టిన బ్యాటరీ స్కూటర్లు. కాళ్ల కింద సంపు. వెనక సెప్టిక్ ట్యాంకు. అంటే మేడ మొత్తంలో ప్రమాదం పుట్టే జాగలు ఎక్కడున్నయో అక్కడే మన పిల్లలు పండుకుంటున్నారు. సెల్లార్ అనేది బండ్లు పెట్టుకోడానికి అనుమతిచ్చిన జాగా. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168 నంబర్ జీవోలో కూడా సెల్లార్‌ను మనుషుల నివాసానికి వాడుకోమని చెప్పలేదు. మరి మనం ఆ లెక్కలో మనుషులం కామా?

వాన పడితే ఏమైతదో 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ చూసింది. ఎన్నో సెల్లార్లు రాత్రికి రాత్రి చెరువులైనయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగితే విజయవాడ సింగ్‌నగర్ దిక్కు కింది అంతస్తులన్నీ మునిగినయి. 2024 జులై 27న ఢిల్లీలో ఒక కోచింగ్ సెంటర్ కింది అంతస్తులోకి నీళ్లు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. సామాన్లకు అనుమతున్న జాగాలో పిల్లలను కూచోబెట్టి చదివిస్తున్నారని అప్పుడు బయటపడింది. చదువుకునే పిల్లలు పోతే దేశమంతా మాట్లాడింది, మాట్లాడాల్సిందే. మన పిల్లలు ప్రతి రాత్రీ అట్లాంటి జాగాలోనే పండుకుంటున్నారు, దాని గురించి ఎవరు మాట్లాడుతున్నారు?

1920లో మూక్‌నాయక్ పత్రిక మొదటి సంచికలోనే బాబాసాహెబ్ ఈ సమాజాన్ని మెట్లు లేని అనేక అంతస్తుల మేడతో పోల్చారు. ఏ అంతస్తులో పుట్టినోడు ఆ అంతస్తులోనే చావాలి. ఇప్పటి మేడల్లో మెట్లున్నయి, లిఫ్టులున్నయి. అయినా పనోళ్లకు వేరే లిఫ్టు అని బోర్డు పెట్టే చోట్లున్నయి. పొగకు కులం లేదు, నిజమే. కానీ ఆ పొగ ముందుగా ఎవరి అర్రలోకి పోతుందో దానికి మాత్రం కులం ఉంది.

లండన్‌లో ఏమైంది

ఇప్పుడు కొంచెం దూరపు సంగతి చెప్తాను. దూరందైనా మనది లాంటిదే. ఇంగ్లండ్‌లో చట్టాలకు కొదవ లేదు, ఇన్‌స్పెక్టర్లకు కొదవ లేదు. ఆ లండన్ నగరంలోనే 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్ అనే మేడ ఉండేది. స్థానిక కౌన్సిల్ పేదలకు, కార్మికులకు కిరాయికిచ్చిన ఇండ్లు అవి. అందులో వలస వచ్చిన కుటుంబాలు ఎక్కువ. 2017 జూన్ 14 అర్ధరాత్రి దాటినాక నాలుగో అంతస్తులో ఒక వంటింట్లో ఫ్రిజ్ దగ్గర మంట పుట్టింది. వంటింటి మంట వంటింట్లోనే ఆరిపోవాలి. కానీ అది కిటికీలోంచి బయటి గోడకు అంటుకొని కొద్దిసేపట్లోనే పైకప్పు దాకా పాకింది. 72 మంది చనిపోయారు.

గోడ ఎందుకు అంటుకుంది? అంతకు ఏడాది ముందే ఆ మేడకు మరమ్మతులు చేసి బయట కొత్త తొడుగు వేశారు. ముందు అనుకున్నది జింకు రేకు. ఖర్చు తగ్గించడానికి దాని బదులు అల్యూమినియం రేకు వేశారు. ఆ రేకుల నడుమ ఉన్నది ప్లాస్టిక్ లాంటి పాలిథిలిన్. అది నూనెలో ముంచిన గుడ్డ లెక్క మండింది. అట్లా మిగిలింది దాదాపు 3 లక్షల పౌండ్లు. మేడ మొత్తానికి మెట్లదారి ఒక్కటే. లిఫ్టులను ఫైర్ సిబ్బంది తమ చేతిలోకి తీసుకోలేకపోయారు. పైగా, మంట వేరే ఇంట్లో ఉంటే మీరు మీ ఇంట్లోనే తలుపేసుకొని ఉండండి అనేది అక్కడి పద్ధతి. గోడ మొత్తం మండుతున్నా దాదాపు రెండు గంటల దాకా ఆ మాటే చెప్పారు. ఆ మాట నమ్మి ఆగిన ఎంతోమంది మళ్లీ బయటికి రాలేదు.

ఇక్కడ మనం పట్టుకోవాల్సిన సంగతులు మూడున్నయి.

మొదటిది. అక్కడి నివాసుల బృందం ముందే హెచ్చరించింది. ఏదో ఒక పెద్ద ఘోరం జరిగితే తప్ప మా మాట వినరని 2016 నవంబర్‌లోనే రాసింది. వినలేదు. కింద ఉన్నోడికి ప్రమాదం ముందు కనబడతది, కానీ కింద ఉన్నోడి మాటకు విలువ లేదు.

రెండోది. ఘోరం జరిగినాక ముందుగా వేలు ఎవరి మీదికి పోయింది? మంట మొదలైన ఇంట్లో ఉన్న వలస మనిషి మీదికి. ఆయన నిద్ర లేవంగనే ఫైర్ వాళ్లకు ఫోన్ చేశాడు, చుట్టుపక్కల తలుపులు కొట్టి జనాన్ని లేపాడు. అయినా ఆయన్నే అనుమానించారు. చివరకు 2019 అక్టోబర్‌లో విచారణ సంఘం మొదటి నివేదిక ఆయన తప్పు లేదని చెప్పింది.

మూడోది. 2024 సెప్టెంబర్ 4న తుది నివేదిక వచ్చింది. ఏడేండ్లు పట్టింది. ప్రభుత్వం, కౌన్సిల్, రేకులు తయారు చేసిన కంపెనీలు, డిజైన్ గీసినోళ్లు, కాంట్రాక్టర్లు, అందరికీ అందులో వాటా ఉందని చెప్పింది. ఆ చావులన్నీ తప్పించగలిగినవే అని తేల్చింది. విచారణలో మాత్రం ఒకడు ఇంకొకడి మీదికి, ఆ ఇంకొకడు మరొకడి మీదికి నెట్టుకుంటూ పోయారు. పదిమంది సంతకాలు పెట్టిన చోట ఎవరూ బాధ్యులు కాకుండా పోయారు.

దాంతో వాళ్లు 2022లో భవన భద్రతకు కొత్త చట్టం చేసుకున్నారు. కనీసం 18 మీటర్ల ఎత్తు గానీ కనీసం ఏడు అంతస్తులు గానీ ఉన్న నివాస భవనమైతే, దానికి జవాబుదారు ఎవరో ముందే తేలి ఉండాలి. ప్రమాదం జరిగినాక వెతుక్కునే పని కాదది. మనకు కావాల్సింది కూడా అదే. పేరు ముందే గోడ మీద ఉండాలి.

మన దగ్గర కాగితం ఏం చెప్తున్నది

మన దగ్గర చట్టం లేదని ఎవరన్నా అంటే నమ్మొద్దు. ఉంది. 2012 నిబంధనల ప్రకారం 18 మీటర్లు, ఆపైన ఉన్నది ఎత్తైన భవనం. అది కట్టాలంటే ఫైర్ శాఖ నిరభ్యంతర పత్రం కావాలి. చుట్టూ ఫైరింజన్ తిరిగేటంత జాగా వదలాలి. 1999లో చేసిన ఫైర్ సర్వీస్ చట్టం ఉంది. మున్సిపాలిటీ ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చినాకనే మనుషులు చేరాలి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం ఇల్లు అప్పగించిన అయిదేండ్ల లోపల నిర్మాణంలో లోపం బయటపడితే బిల్డరు తన ఖర్చుతో సరిచేయాలి. ఆ తర్వాత మేడను నడిపేది ఫ్లాట్ల ఓనర్ల అసోసియేషన్. మెయింటెనెన్స్ పైసలు వసూలు చేసేది అదే, లిఫ్టు కంపెనీతో ఒప్పందం రాసుకునేది అదే, మనల్ని పనిలో పెట్టుకునేది అదే.

కాబట్టి లెక్క సులువుగా గుర్తు పెట్టుకోండి. గోడ బిల్డరుది, ఇంజనీరుది. అనుమతి మున్సిపాలిటీది, ఫైర్ శాఖది. నిర్వహణ అసోసియేషన్‌ది. పని మాత్రం వాచ్‌మన్‌ది. పని చేసేటోడు పనికి జవాబు చెప్పాలి. నిర్ణయం తీసుకునేటోడు నిర్ణయానికి జవాబు చెప్పాలి. పైసలు ఎవరి చేతిలో ఉంటే, సంతకం ఎవరిదైతే, తాళాలు ఎవరి మాట మీద తెరుచుకుంటే, బాధ్యత వాళ్లది. లిఫ్టు రిపేరుకు పైసలు ఇయ్యనోళ్లు లిఫ్టు పడిపోయినాక "వాచ్‌మన్ ఏం చేస్తుండె?" అని అడిగితే ఒప్పుకోవద్దు.

2023 నవంబర్ 13న హైదరాబాద్ నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ తగలబడింది. మనుషులు కాపురముండే ఇండ్ల కింద రసాయనాల డ్రమ్ములు పెట్టారు. పై అంతస్తుల్లో ఉన్న 9 మంది చనిపోయారు. ఆ డ్రమ్ములు రాత్రికి రాత్రి గాల్లో ఎగిరి రాలేదు కదా. ఎవరో పెట్టారు, ఎవరో పెట్టనిచ్చారు, ఎవరో చూసీ చూడనట్టు పోయారు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది చనిపోయారు. అందులో 8 మంది పిల్లలు. అది ఎత్తైన మేడ కూడా కాదు. బయటికి వచ్చే దారి ఇరుకు. ఎత్తు ఒక్కటే చంపదు, దారి లేకపోవడం చంపుతది. ఇక ఎత్తూ ఉండి దారీ లేకపోతే చెప్పాల్సిన పని లేదు.

పనిలో ఉన్నోళ్లు తెలుసుకోవాల్సినవి

ఇప్పుడు నేరుగా మీ పని గురించి చెప్తాను. రాసుకోగలిగినోళ్లు రాసుకోండి.

మంట. మంట కంటే ముందు పొగ చంపుతది. పొగ పైకి పోతది, మెట్లదారి దానికి పొయ్యి గొట్టం లెక్క పనిచేస్తది. అందుకే మెట్ల తలుపులు తమంతట తామే మూసుకునేటట్టు ఉండాలి. వాటికి రాయి అడ్డం పెట్టి తెరిచి ఉంచొద్దు. మెట్ల మీద చెప్పుల స్టాండ్లు, సైకిళ్లు, పాత సామాన్లు ఉండొద్దు. ఫైర్ పంపు స్విచ్చి ఆటోలో ఉండాలి, ట్యాంకులో నీళ్లుండాలి. వాడే నీళ్లు తక్కువ పడ్డయని ఫైర్ ట్యాంకు నీళ్లు తోడమంటే, అది ఎవరు చెప్పారో రాసి పెట్టుకోండి. మంట లేస్తే లిఫ్టు ఎక్కొద్దు, ఎక్కనియ్యొద్దు. ముందు 101కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి. అసోసియేషన్ ప్రెసిడెంట్‌కు ఆ తర్వాత చేయొచ్చు. ఫైరింజన్ నిచ్చెనకు ఒక హద్దుంటది. యాభై అంతస్తుల మేడలో పై ఇండ్లకు నిచ్చెన అందదు. అక్కడ మెట్లు, తలుపులు, పంపులే ప్రాణం కాపాడాలి.

లిఫ్టు. లిఫ్టు తలుపును బయటినుంచి తెరిచే తాళంచెవి వాచ్‌మన్ చేతికిస్తారు. అది తాళంచెవి కాదు, ప్రమాదం. తలుపు తెరుచుకున్నంత మాత్రాన లిఫ్టు అక్కడున్నట్టు కాదు. చీకట్లో కాలు పెట్టి గుంటలో పడి చనిపోయిన పనోళ్లు ఎంతమందో. ఎవరన్నా మధ్యలో ఇరుక్కుంటే ముందు లిఫ్టు మెయిన్ స్విచ్చి తీయాలి, లోపలున్నోళ్లకు ధైర్యం చెప్పాలి, లిఫ్టు కంపెనీ మెకానిక్‌ను పిలవాలి. రెండంతస్తుల నడుమ ఆగిన లిఫ్టులోంచి మనిషిని గుంజొద్దు. ఓనర్లు తొందర పెడతారు. తొందర వాళ్లది, ప్రాణం మీది.

ఎత్తు మీద పని. రంగులేసేటోళ్లు, అద్దాలు తుడిచేటోళ్లు తాళ్ల మీద దిగుతారు. బెల్టు కట్టుకుంటే సరిపోదు. మీరు కూచున్న పలక ఏ తాడు మీద ఉన్నదో ఆ తాడుకే బెల్టు కడితే, తాడు తెగినప్పుడు రెండూ పోతయి. బెల్టుకు వేరే తాడు ఉండాలి, దాన్ని మేడ మీద వేరే గట్టి ఆధారానికి కట్టాలి. కట్టే మేడల దగ్గర స్లాబు అంచులకు, లిఫ్టు గుంటలకు అడ్డం కట్టకుండా పనికి ఎక్కమంటే ఎక్కొద్దు. కట్టడం కూలీలందరూ లేబర్ కార్డు తీసుకోండి. 18 నుంచి 60 ఏండ్ల లోపల ఉండి, ఏడాదిలో 90 రోజులు పని చేసినోళ్లకు ఆ హక్కుంది. కట్టడం ఖర్చులోంచి ప్రభుత్వం వసూలు చేసే సెస్సు మీ పేరు మీద వచ్చే పైసలే. దీనికి 1996లో చట్టం వచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చి ఆ చట్టాన్ని వాటిలో కలిపింది. చట్టం పేరు మారింది, సెస్సు పోలేదు. ఎవరన్నా "ఆ చట్టం రద్దయింది, నీకేం రాదు" అంటే నమ్మొద్దు.

ఇక చివరిది, మనల్ని ఎక్కువగా చంపేది. సెప్టిక్ ట్యాంకు, మ్యాన్‌హోల్, మేడ కింద ఉండే మురుగు శుద్ధి ట్యాంకు. పెద్ద అపార్ట్‌మెంట్లలో దాన్ని ఎస్టీపీ అంటారు. లోపల పుట్టే గ్యాసు కుళ్లిన గుడ్డు వాసనొస్తది. గ్యాసు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెల్వదు. "వాసన లేదు, దిగొచ్చు" అనుకున్నోడు రెండు మూడు శ్వాసల్లోనే పడిపోతాడు. అన్న పడిపోయిండని తమ్ముడు దిగుతాడు, తమ్ముడు పడిపోయిండని మేస్త్రీ దిగుతాడు. ఒక ట్యాంకులో ముగ్గురు నలుగురు చనిపోయేది ఇట్లనే. కాబట్టి ఎవరన్నా పడిపోతే, కన్నకొడుకైనా సరే, ఉట్టిగ దిగొద్దు. మూతలన్నీ తెరవండి, 101కు, 108కి ఫోన్ చేయండి, అరిచి జనాన్ని పిలవండి. గాలి సిలిండరు పెట్టుకున్నోళ్లే దిగాలి.

ఈ పనికి మనిషిని దింపడమే నేరం. 2013లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం రక్షణ సామాగ్రి లేకుండా మనిషిని మురుగు కాల్వలోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ దింపితే మొదటిసారి రెండేండ్ల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే అయిదేండ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. ఈ చట్టం మున్సిపాలిటీకే కాదు, ఎవరు దింపినా వర్తిస్తది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు కూడా. ఇది ఊరికే రాలేదు. బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ గారు, సఫాయి కర్మచారి ఆందోళన్‌లో పనిచేసిన వేలమంది ఏండ్ల తరబడి కొట్లాడారు. వాళ్లు 2003లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పిచ్చింది. 1993 నుంచి మురుగు పనిలో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి 10 లక్షలు ఇయ్యాలన్నది. 2023 అక్టోబర్ 20న అదే కోర్టు ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. శాశ్వతంగా వికలాంగుడై బతుకుదెరువు లేకుండా పోతే 20 లక్షలకు తగ్గొద్దన్నది. దిగమని బలవంతపెట్టే చోటు నుంచి 14420 నంబర్‌కు ఫోన్ చేయొచ్చు. ట్యాంకు సాఫ్ చేయడానికి మిషన్లున్నయి. మిషన్‌కు పైసలైతయి, మనిషి చౌక, అందుకే మనిషిని పిలుస్తున్నారు. ఆ మనిషిది ఏ కులమో అందరికీ తెలుసు. మన మనిషిని పాకీపనిలో పెట్టడం 2015 సవరణ తర్వాత అట్రాసిటీ చట్టం కింద కూడా నేరం.

పనికి కుదిరేముందు అడగాల్సినవి

పట్నం పోయి పనికి కుదిరేముందు ఈ ప్రశ్నలు అడగండి.

1. మేం ఉండే అర్ర ఎక్కడ? దానికి కిటికీ ఉందా? బయటికి రెండో దారి ఉందా?
2. మీటర్ల బోర్డు, జనరేటర్, డీజిల్, బండ్ల చార్జింగ్ ఆ అర్రకు ఎంత దూరం?
3. వాన నీళ్లు సెల్లార్‌లోకి వస్తే మమ్మల్ని పైన ఎక్కడ ఉంచుతారు?
4. లిఫ్టు బాగు చేసే కంపెనీ ఏది? ఫోన్ నంబర్ గోడ మీద ఉందా?
5. ఫైర్ శాఖ పత్రం చెల్లుతున్నదా? పంపు ఆఖరుసారి ఎప్పుడు నడిపి చూశారు?
6. ట్యాంకు సాఫ్ చేసేది మిషనా, మనిషా?
7. జీతం ఎవరిస్తారు? ఏ పనులకు? కాగితం మీద రాసిస్తారా?
8. భద్రతకు జవాబుదారు ఎవరు? ఆ పేరు చెప్పండి.

మీలో ఒకరు అప్పుడే అంటున్నారు, "ఇన్ని అడిగితే పని ఇస్తరా సార్? ఇంకోణ్ణి పెట్టుకుంటరు." ఆ మాట నిజం. ఒక్కడు అడిగితే గేటు బయటికి పంపుతారు. అందుకే ఒక్కడు అడిగేది కాదిది. ఒక వీధిలో ఇరవై అపార్ట్‌మెంట్లుంటే ఇరవైమంది వాచ్‌మన్లున్నారు. మన ఊరోళ్లు ఎవరెవరు ఏ వీధిలో ఉన్నారో ముందు ఒక పట్టీ తయారు చేయాలి. ఇరవైమంది ఒక్కచోట కూచొని ఇవే ప్రశ్నలు ఒకే రోజు అడిగితే ఇరవైమందిని ఒకేసారి తీసేయలేరు. ఆ రోజు నీళ్లెవరు ఎక్కిస్తారు, గేటెవరు తీస్తారు?

ఇంకొక మాట. ఫ్లాట్లల్ల ఉండేటోళ్లంతా మనకు శత్రువులని నేను చెప్పడం లేదు. మెట్లదారి మూసుకుంటే వాళ్ల పిల్లలు కూడా చిక్కుకుంటారు. పంపు పనిచేయకపోతే వాళ్ల ఇల్లే కాలుతది. ఈ మాట వాళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పగలిగితే, వాళ్లలో నలుగురు మన పక్కన నిలబడతారు. గ్రెన్‌ఫెల్‌లో నివాసుల మాట విని ఉంటే 72 మంది బతికేటోళ్లు. ఇక్కడ సెల్లార్‌లో ఉన్నోడి మాట వింటే పై అంతస్తులో ఉన్నోడు కూడా బతుకుతాడు.

కార్యకర్తలకు

సంఘంలో పనిచేసేటోళ్లకు ఒక మాట. ఎక్కడన్నా మన మనిషికి ప్రమాదం జరిగిందని ఫోన్ వస్తే మొదటి రోజే పోవాలి. ఆస్పత్రి మార్చురీ దగ్గర పెద్దమనుషులు తయారుగా ఉంటారు. "ఒకటో రెండో లక్షలు ఇప్పిస్తం, కేసు వద్దు, శవాన్ని తీసుకపోండి" అంటారు. ఏడుస్తున్న తల్లితో తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయిస్తారు. వేయనియ్యొద్దు. పోస్ట్‌మార్టం జరగాలి. జరిగిన జాగా ఫొటోలు తీయాలి. తెరిచిన మూత, తెగిన తాడు, కాలిన బోర్డు, మరుసటి రోజుకు ఏదీ ఉండదు. పనికి ఎవరు పిలిచారు, ఫోన్‌లో ఎవరు మాట్లాడారు, పైసలు ఎవరిచ్చారు, ఇవన్నీ రాయించాలి. నిర్లక్ష్యం వల్ల చావుకు కారణమైతే 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద కేసు పెడతారు, అయిదేండ్ల దాకా శిక్ష ఉంది. ఎఫ్ఐఆర్‌లో కాంట్రాక్టర్ మనిషి పేరు ఒక్కటే రాసి చేతులు దులుపుకుంటారు. అసోసియేషన్ పేరు, బిల్డరు పేరు ఉందా లేదా చూడాలి. మురుగు ట్యాంకు చావైతే 2013 చట్టం, అట్రాసిటీ చట్టం రాయమని పట్టుబట్టాలి. సుప్రీంకోర్టు 30 లక్షలన్నదాన్ని రెండు లక్షలకు అమ్ముకోనియ్యొద్దు.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూశారు. పనిచేసేటోడి ప్రాణం యజమాని దయ మీద కాదు, చట్టం మీద నిలబడాలన్నది ఆయన దారి. చట్టం కాగితం మీద ఉంటే మాత్రం అది మన ప్రాణాన్ని కాపాడదు. దాన్ని గోడ మీదికి, గేటు మీదికి, పోలీస్ స్టేషన్ రిజిస్టర్‌లోకి తేవాల్సింది మనం.

పోతూ పోతూ ఒక పని చేయండి. పట్నంలో ఉన్న మీ అన్నకో కొడుక్కో ఈ రాత్రే ఫోన్ చేయండి. జీతం వచ్చిందా అని అడుగుతారు కదా, దాంతోపాటు అర్రకు రెండో దారి ఉందా అని కూడా అడగండి. లేదంటే ఆ మేడ పేరు, వీధి పేరు రాసి మన సంఘం పుస్తకంలో ఎక్కించండి. వచ్చే పక్షం పట్నం పోయే కార్యకర్తలు ముందుగా ఆ చిరునామాలకే పోతారు.

జై భీమ్.